ఎండితేనే అసలు రుచి

పుట్టగొడుగులో నూటికి 90 పాళ్లు నీరే. కోసిన మర్నాటికే అది మెత్తబడి, రంగు మారి, వాసన పట్టడానికి కారణం ఆ నీరే. దాన్ని తీసేస్తే కిలో పుట్టగొడుగులు వంద గ్రాములకు దిగుతాయి, రెండు రోజులు ఆగని సరుకు ఏడాది నిలుస్తుంది. వంకాయ, దోస, మామిడి, గోరుచిక్కుడు ముక్కల్ని ఎండబెట్టి ఒరుగులు పెట్టుకునే తెలుగిళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. అయితే కూరగాయల ఒరుగులకూ పుట్టగొడుగుల ఒరుగులకూ ఒక తేడా ఉంది. వంకాయను ఎండబెట్టేది ప్రధానంగా నిల్వ కోసం. పుట్టగొడుగు ఎండితే నిల్వతో పాటు రుచి కూడా పెరుగుతుంది. షిటాకే అనే రకం పుట్టగొడుగు పచ్చిగా ఉన్నప్పుడు లేని వాసన ఎండాక పుడుతుంది. పచ్చివి చవగ్గా దొరికే రోజుల్లో కూడా చైనా, జపాన్ వంటిళ్లలో ఎండు షిటాకే డబ్బా ఖాళీ కానివ్వరు. పచ్చిది దొరకనప్పుడు సర్దుకునే సరుకుగా చూస్తే ఎండు పుట్టగొడుగు సగమే పనికొస్తుంది. పప్పులో ఇంగువలాగా, కొద్దిగా వేసి వంటంతటికీ రుచి పట్టించే దినుసుగా దాన్ని వాడుకోవాలి.

రుచి పుట్టే తీరు

1908లో టోక్యో విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు కికునే ఇకెడా కొంబు అనే సముద్రపు నాచు కాచిన నీళ్లలోంచి గ్లుటామేట్‌ను వేరుచేసి, దాని రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదులలో ఇమడని కమ్మదనం అది. 1913లో ఆయన శిష్యుడు షింటారో కొడామా ఎండబెట్టిన బొనిటో చేపలో ఇనోసినేట్ అనే మరో పదార్థాన్ని కనిపెట్టాడు. 1957లో అకిరా కునినాకా అనే పరిశోధకుడు గ్వానిలేట్ అనే పదార్థం కూడా ఇదే రుచిని ఇస్తుందని చూపాడు. ఎండు షిటాకేలోని కమ్మదనానికి మూలం అదే. కునినాకా పరిశోధనలో తేలిన మరో సంగతి వంటిళ్లకు ఇంకా ముఖ్యం. గ్లుటామేట్, గ్వానిలేట్ విడివిడిగా ఇచ్చే రుచికన్నా కలిసి ఇచ్చే రుచి కొన్ని రెట్లు ఎక్కువ.

టమాటాలో గ్లుటామేట్ పుష్కలంగా ఉంటుంది. అంటే టమాటా చారులో నాలుగు ఎండు పుట్టగొడుగులు పడితే వచ్చే కమ్మదనం ఆ రెండింటి రుచుల కూడికకన్నా పెద్దది. మాంసం గానీ చేప గానీ లేకుండా అంత చిక్కటి రుచి సాధించడానికి శాకాహారుల చేతిలో ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.

పచ్చి షిటాకేలో గ్వానిలేట్ దాదాపు ఉండదు. ఎండే క్రమంలో కణాల గోడలు చితికి, లోపలి ఆర్‌ఎన్‌ఏ ఎంజైముల చేతికి చిక్కుతుంది. నానబెట్టి వేడిచేసినప్పుడు, ముఖ్యంగా 60 నుంచి 70 డిగ్రీల మధ్య, ఆ ఆర్‌ఎన్‌ఏ విరిగి గ్వానిలేట్ తయారవుతుంది. 100 గ్రాముల ఎండు షిటాకేలో సుమారు 150 మిల్లీగ్రాముల గ్వానిలేట్ లెక్కకు వస్తుంది. వాసన సంగతి వేరు. షిటాకేకు గుర్తుగా నిలిచిన ఆ ఘాటు వాసన లెంథియోనిన్ అనే గంధక సమ్మేళనానిది. అదీ ఎండి, నానిన తర్వాతే బయటపడుతుంది. ఆయిస్టర్, పోర్చినీ లాంటి రకాల్లో ఎండే కొద్దీ అమైనో ఆమ్లాలు, చక్కెరలు చిక్కబడి, ఒకదానితో ఒకటి కలిసి, వేయించిన గింజల వాసననిస్తాయి.

పుట్టగొడుగు కణాల గోడలో ఉండేది కైటిన్. రొయ్య పొట్టులో ఉండేదీ అదే. ఎంత ఉడికినా అది కరగదు. అందువల్లే వంకాయలా, బెండకాయలా పుట్టగొడుగు చితికిపోదు. గంటసేపు ఉడికినా ముక్క ముక్కలాగే ఉంటుంది.

ఏవి ఎండబెట్టాలి

తెలుగు రాష్ట్రాల్లో విరివిగా పండేది, ఇంట్లో ఎండబెట్టడానికి అన్నిటికన్నా అనువైనదీ ఆయిస్టర్, అంటే ముత్యపుచిప్ప పుట్టగొడుగు. వరిగడ్డి నింపిన సంచుల్లో పెరుగుతుంది. పల్చగా ఉంటుంది కాబట్టి త్వరగా ఎండుతుంది, రంగు కూడా పెద్దగా చెడదు. కోసిన రోజు అమ్ముడుపోకపోతే మర్నాటికి ధర పడిపోయే పంట కావడంతో, చిన్న పెంపకందారులకు ఎండబెట్టడం నష్టాన్ని ఆపే దారి కూడా. వేసవి వేడికి తట్టుకుని పెరిగే పాల పుట్టగొడుగు మందంగా, గట్టిగా ఉంటుంది. దాన్ని పల్చటి బిళ్లలుగా కోస్తేనే లోపలిదాకా ఎండుతుంది.

బజారులో అందరికీ తెలిసిన తెల్ల బటన్ పుట్టగొడుగు మాత్రం ఈ పనికి అంతగా రాదు. కోసిన వెంటనే ఎంజైముల వల్ల గోధుమరంగుకు తిరుగుతుంది, నానబెడితే తోలులా సాగుతుంది. పొడి కొట్టుకునే ఉద్దేశం ఉంటే తప్ప బటన్‌ను తాజాగా వండుకోవడమే మేలు. ఎండబెట్టక తప్పనప్పుడు నిమ్మరసం, ఉప్పు వేసిన మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీసి, నీరు పూర్తిగా ఓడ్చి ఎండబెడితే రంగు కొంత నిలుస్తుంది.

కొని తెచ్చుకునేవాటిలో షిటాకేది మొదటి స్థానం. జపాన్‌లో దుంగల మీద పెంచి ఎండబెట్టే షిటాకేకు ఓయిటా ప్రాంతం పేరుమోసింది. అక్కడి వర్తకులు గొడుగు పూర్తిగా విచ్చుకోకముందే కోసిన మందపాటి రకాన్ని డోంకో అనీ, విచ్చుకున్న పల్చటి రకాన్ని కోషిన్ అనీ వేరుచేస్తారు. ముక్కగా కొరికి తినే వంటకు మొదటిది, తరిగి కలిపే వంటకు రెండోది. చైనా వంటల్లో కనిపించే నల్లటి చెవి ఆకారపు పుట్టగొడుగుకు సొంత రుచి తక్కువ. కరకరలాడే గుణం కోసమే దాన్ని వేస్తారు. ఇటలీ పోర్చినీ, కశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల గుచ్చి పుట్టగొడుగులు అడవిలో ఏరేవి. గుచ్చి మంచు కరిగే వేళ, మార్చి నుంచి మే దాకా దొరుకుతుంది. కొండ పల్లెల్లో వాటిని దారాలకు ఎక్కించి దండలుగా ఆరబెడతారు. కిలో ధర వేల రూపాయల్లో ఉంటుంది.

భారత వ్యవసాయ పరిశోధన మండలి పుట్టగొడుగుల పరిశోధన సంచాలకాలయం హిమాచల్‌ప్రదేశ్‌లోని సోలన్‌లో ఉంది. 1983లో జాతీయ కేంద్రంగా మొదలైంది. 1997 సెప్టెంబర్ 10న సోలన్‌ను భారతదేశపు పుట్టగొడుగుల నగరంగా ప్రకటించారు. మన దేశంలో పెంపకం, నిల్వ పద్ధతుల మీద శాస్త్రీయ సలహాలకు పెద్ద దిక్కు ఆ సంస్థే.

ఎండబెట్టే పని

కోసిన రోజే పని మొదలుపెట్టాలి. వాడిపోయినవి ఎండబెడితే వాడిన వాసనే చిక్కబడుతుంది. పెంపకపు ఆయిస్టర్‌ను కడగాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. గడ్డి పరకలుంటే ఏరేసి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. మట్టి కనిపిస్తే పారే నీటి కింద చప్పున కడిగి, వెంటనే గుడ్డ మీద ఆరనివ్వాలి. కాడ అడుగుభాగం నారలా ఉంటుంది కాబట్టి కోసి పక్కన పెట్టాలి. ఆయిస్టర్‌ను కత్తితో కన్నా చేత్తో నిలువుగా చీల్చడం మంచిది. మిగతా రకాలను పావు అంగుళం కన్నా మందం లేకుండా, అన్నీ ఒకే మందంలో కోయాలి. మందం తేడా ఉంటే పల్చటివి మాడతాయి, మందపాటివి లోపల పచ్చిగా ఉండిపోయి బూజు పడతాయి. ఒక్క పచ్చి ముక్క డబ్బా మొత్తాన్ని పాడుచేస్తుంది.

ఎండలో పెట్టేటప్పుడు ఉతికిన నూలుగుడ్డ మీద గానీ స్టీలు జల్లెడ మీద గానీ ముక్కకు ముక్క తగలకుండా పరచాలి. జల్లెడైతే కింది నుంచీ గాలి ఆడుతుంది. పాత పేపరు మీద వేస్తే సిరా అంటుతుంది. ఈగలు, దుమ్ము పడకుండా పైన దోమతెర కప్పాలి. పొద్దు వాలకముందే లోపలికి తేవాలి. మంచులో వదిలేస్తే పగలంతా పోయిన తేమ రాత్రికి తిరిగి పడుతుంది. రాయలసీమ, తెలంగాణ పొడి ఎండల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆయిస్టర్ రెండు రోజుల్లో గలగలమంటుంది. కోస్తాలో ఎండ ఎంత ఉన్నా గాలిలో చెమ్మ వదలదు. మరో రోజు, ఒక్కోసారి రెండు రోజులు ఎక్కువ పడుతుంది. వానాకాలంలో ఏ ప్రాంతంలోనైనా ఎండను నమ్ముకోకూడదు.

అప్పుడు డీహైడ్రేటర్ అనే ఆరబెట్టే మిషను అక్కరకొస్తుంది. 45 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, పైతడి ఆరాక 55కు పెంచితే మందాన్ని బట్టి ఆరు నుంచి పది గంటలు పడుతుంది. ఓవెన్ ఉన్నవాళ్లు అన్నిటికన్నా తక్కువ వేడి పెట్టి, ఆవిరి పోయేలా తలుపును కాస్త తెరిచి ఉంచాలి. త్వరగా అవుతుందని వేడి పెంచడం ఈ పనిలో తరచూ జరిగే పొరపాటు. పైపొర గట్టిపడి, లోపలి నీటికి బయటికి దారి లేకుండా పోతుంది. చేతికి ఎండినట్టే తగులుతుంది, వారం తిరిగేసరికి డబ్బాలో బూజు కనిపిస్తుంది. మైక్రోవేవ్ ముక్కను ఉడికిస్తుందే గాని ఎండబెట్టదు.

ఎండకు ఒక అదనపు ప్రయోజనం ఉంది. పుట్టగొడుగులోని ఎర్గోస్టెరాల్ మీద అతినీలలోహిత కిరణాలు పడితే అది విటమిన్ డి2గా మారుతుంది. గొడుగు అడుగున ఉండే సన్నటి పొరలు పైకి వచ్చేలా బోర్లా తిప్పి మధ్యాహ్నపు ఎండలో పెడితే ఆ మార్పు బాగా జరుగుతుంది. మిషనులో ఎండబెట్టేవాళ్లు కూడా ముందు ఒకటి రెండు గంటలు ఎండ తగలనిస్తే ఈ లాభం పొందవచ్చు. కిటికీ అద్దం వెనక పెడితే ఫలితం ఉండదు, అవసరమైన కిరణాలను అద్దం ఆపేస్తుంది. విటమిన్ డి కోసం ఆధారపడదగ్గ శాకాహారం చాలా తక్కువ కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఎండిందో లేదో తేల్చేది విరుపు. ముక్క వంగితే ఇంకా ఎండాలి. అప్పడంలా ఫెళ్లున విరగాలి. వేడి పూర్తిగా చల్లారాక గాజు సీసాలో వదులుగా నింపి, వారం రోజులు రోజుకోసారి కుదుపుతూ చూడాలి. సీసా గోడకు చెమ్మ పట్టినా, ముక్కలు ఒకదానికొకటి అంటుకున్నా మళ్లీ ఎండబెట్టాలి. ఈ వారం పరీక్ష దాటిన సరుకు ధీమాగా నిలుస్తుంది.

డబ్బాలో

ఎండు పుట్టగొడుగు గాలిలోని తేమను ఆత్రంగా పీలుస్తుంది. పల్చటి ప్లాస్టిక్ సంచిలో, ముడివేసి, పొయ్యి పక్కన అల్మరాలో పెడితే తుపాను వారంలోనే మెత్తబడుతుంది. బిగుతైన మూత ఉన్న గాజు సీసా, చీకటి, చల్లటి చోటు దానికి కావాలి. ఒకే పెద్ద సీసా కన్నా రెండు మూడు చిన్నవి నయం, మాటిమాటికీ మూత తీసే బాధ తప్పుతుంది. పురుగు భయం ఉంటే సీసాలో పోసే ముందు మూడు నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లు కూడా చస్తాయి. కొంచెం మెత్తబడిన సరుకును 50 డిగ్రీల వేడిలో గంటసేపు ఆరబెట్టి తిరిగి వాడుకోవచ్చు. బూజు పట్టినదాన్ని కడిగి, ఎండబెట్టి వాడుకుందామనుకోకూడదు, పారేయాలి. సరిగా ఎండి, సరిగా దాచినది ఏడాది దాకా మంచి వాసనతో ఉంటుంది. ఆ తర్వాత చెడిపోదు గాని, వాసన తగ్గుతూ పోతుంది.

కొనేటప్పుడు ముక్కు చెప్పినట్టు వినాలి. మంచి సరుకు పొట్లం విప్పగానే ఘుమ్మని వాసన వస్తుంది. వాసన లేకపోతే పాతది, ముక్కిపోయిన వాసన వస్తే తేమ తగిలినది. అడుగున సన్నటి పొడి, చిన్న కన్నాలు కనిపిస్తే పురుగు తిన్నట్టు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ లెక్క ప్రకారం మామూలు ఎండు పుట్టగొడుగుల్లో తేమ 12 శాతం దాటకూడదు. షిటాకేకు ఒక శాతం ఎక్కువ అనుమతి ఉంది. పొట్లం పైనుంచి నొక్కితే గట్టిగా తగలాలి. రబ్బరులా వంగేది ఎంత చవకైనా వద్దు. విదేశాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు చైనా, కొరియా దుకాణాల్లో షిటాకే, నల్ల పుట్టగొడుగులు సులువుగా దొరుకుతాయి. ఇక్కడ ఆయిస్టర్ ఒరుగులు పెంపకందారుల దగ్గర నేరుగా కొనడమే మంచిది, ఎప్పుడు ఎండబెట్టారో అడిగి తెలుసుకోవచ్చు.

నానబెట్టడంలోనే నేర్పు

ఎండు పుట్టగొడుగుల వంటలో సగం పని పొయ్యి వెలిగించకముందే అయిపోతుంది. ముందుగా మామూలు నీటిలో ఒకసారి చప్పున కడిగి దుమ్ము వదిలించాలి. ఈ నీటిని పారబోయాలి. ఆ తర్వాత పోసే నీటిలో ఒక్క చుక్క కూడా పారబోయకూడదు. రుచిలో పెద్ద వాటా అందులోకే దిగుతుంది. నీళ్లు పిండేసి ముక్కల్ని మాత్రమే వండేవాళ్లు, డబ్బులు పెట్టి కొన్న సరుకులో మంచి భాగాన్ని తూములో పోస్తున్నట్టే.

నీటి వేడి రకాన్ని బట్టి మారాలి. షిటాకేకు చల్లటి నీరు, ఎక్కువ సమయం. రాత్రి గిన్నెలో వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే తెల్లారేసరికి గొడుగు మధ్యదాకా నానుతుంది. గోరువెచ్చటి నీళ్లలో గ్వానిలేట్‌ను విరగ్గొట్టే ఎంజైము చురుగ్గా పనిచేస్తుంది. చల్లటి నీళ్లలో దానికి ఆ అవకాశం ఉండదు. తర్వాత పొయ్యి మీద పెట్టి సన్నసెగన కాచితే వేడి 60, 70 డిగ్రీల మెట్టును నెమ్మదిగా దాటి, గ్వానిలేట్ బాగా తయారవుతుంది. మరిగే నీళ్లు పోసి అరగంటలో తేల్చేసిన షిటాకే కూడా తినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ నీటి రుచి పల్చన. రెండు పద్ధతులూ పక్కపక్కన రుచి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. షిటాకే కాడ నానినా నమలలేం. దాన్ని కోసి చారు నీళ్లలో మరిగించి, ఆఖర్న తీసేయాలి.

ఆయిస్టర్‌కు వేడినీరు పోసి అరగంట ఉంచితే సరిపోతుంది. పోర్చినీకి వెచ్చటి నీటిలో ఇరవై, ముప్పై నిమిషాలు చాలు, అంతకు మించి నానితే ముక్కలో సారం మిగలదు. గుచ్చి ముడతల్లో, బోలు కడుపులో ఇసుక దాక్కుంటుంది. నానాక నిలువుగా చీల్చి, లోపల కడగాలి. ముక్కలన్నీ తేలుతుంటాయి కాబట్టి పైన చిన్న పళ్లెం బోర్లించాలి. 30 గ్రాముల ఎండువాటికి రెండు గ్లాసుల నీరు పోయవచ్చు. అవి సుమారు 300 గ్రాముల పచ్చివాటి నుంచి వచ్చినవే, అయినా ఎంత నానినా ఆ బరువు తిరిగి రాదు. కొలతలు వేసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

నానిన ముక్కల్ని చేత్తో ఎత్తి, గిన్నె మీదే సున్నితంగా పిండాలి. గిన్నెతో వంచేస్తే అడుగున చేరిన ఇసుక మళ్లీ ముక్కల మీద పడుతుంది. నీటిని పది నిమిషాలు కదపకుండా తేరనిచ్చి, పైతేట మాత్రం పల్చటి నూలుగుడ్డలో వడగట్టి, అడుగున మిగిలే రెండు చెంచాల మడ్డి వదిలేయాలి. ఈ తేట ఫ్రిజ్‌లో రెండు రోజులు ఆగుతుంది. ఐసు ట్రేలో పోసి గడ్డకట్టిస్తే కావలసినప్పుడు ఒక్కో ముక్క పప్పులో, కూరలో వేసుకోవచ్చు.

నల్ల చెవి పుట్టగొడుగు విషయంలో జాగ్రత్త తప్పనిసరి. అది నానితే ఐదారు రెట్లు ఉబ్బుతుంది. దాన్ని వేసవిలో బయట ఒకటి రెండు రోజులు నీళ్లలో వదిలేస్తే బర్‌ఖోల్డెరియా అనే బ్యాక్టీరియా పెరిగి బోంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషాన్ని తయారుచేయవచ్చు. చైనాలో ఇలా నానబెట్టినవి తిని ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఆ విషం ఉడికించినా పోదు. గంట, రెండు గంటలకు మించి నానబెట్టాల్సి వస్తే ఫ్రిజ్‌లోనే పెట్టాలి, ఆ రోజే వండేయాలి. జిగురు పట్టినా, వాసన మారినా పారేయాలి. 2020లో అమెరికాలో ఇదే రకం ఎండు పుట్టగొడుగుల ద్వారా సాల్మొనెల్లా వ్యాపించి, పలు రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు. ఎండినంత మాత్రాన క్రిములు చావవు. నానినవి సలాడ్‌లో పచ్చిగా వేసుకోకుండా బాగా ఉడికించి తినాలి.

పొయ్యి మీద

చారుతో మొదలుపెట్టడం తేలిక. నలుగురికి నాలుగైదు షిటాకేలు లేదా 15 గ్రాముల ఆయిస్టర్ ఒరుగులు నానబెట్టాలి. రెండు పండిన టమాటాలు చిదిమి, వడగట్టిన తేట, మరో గ్లాసు నీరు, పసుపు, దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి సన్నసెగన పావుగంట కాగనివ్వాలి. చింతపండు మామూలుకన్నా సగమే వేయాలి, పులుపు ఎక్కువైతే కమ్మదనం కనపడదు. సన్నగా తరిగిన పుట్టగొడుగు ముక్కలు మొదటే పడాలి. ఉప్పు ఆఖర్న రుచి చూసి వేసుకోవాలి. ఉమామి ఉన్నచోట తక్కువ ఉప్పే సరిపోతుంది, రక్తపోటు ఉన్నవాళ్లకు ఇది కలిసొచ్చే సంగతి. నేతి పోపు, కొత్తిమీర మామూలే. ఇంగువ మాత్రం మానేయడం మంచిది, షిటాకే గంధక వాసనతో అది పోటీ పడుతుంది.

ఇగురుకు ఆయిస్టర్‌ను మించినది లేదు. నానిన ముక్కల్ని బాగా పిండి, ముందుగా నూనెలో విడిగా వేయించాలి. తడి ఇగిరి, అంచులు ఎర్రబడేదాకా ఆగాలి. ఈ ఓపిక లేకపోతే కూర చప్పగా, నీళ్లు నీళ్లుగా ఉంటుంది. తర్వాత ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడి వేసి, మసాలా వేగాక తేటను గరిటెడు గరిటెడుగా పోస్తూ ఇగరనివ్వాలి. గసగసాలు, ఎండుకొబ్బరి ముద్ద చివర్లో పడితే చిక్కదనం వస్తుంది. గోంగూరతో వండాలనుకునేవాళ్లకూ ఆయిస్టరే తగినది. షిటాకే వాసన గోంగూర పులుపు కింద అణిగిపోతుంది.

పులావులో ఎసరే అసలు. బియ్యానికి పోసే నీటిలో సగమైనా నానిన తేట ఉండాలి. కశ్మీర్ గుచ్చి పులావు ఈ సూత్రం మీదే నిలబడింది. ఖరీదైన గుచ్చి గుప్పెడే పడినా అన్నమంతా దాని వాసన పట్టేది ఆ నీటి వల్లే. ఇటలీలో పోర్చినీ రిసొట్టో వండేటప్పుడు కూడా నానిన నీటినే అన్నంలో గరిటె గరిటెగా ఇంకిస్తారు. పోలండ్‌లో క్రిస్మస్ ముందు రాత్రి మాంసం లేని భోజనంలో, ఎండు పుట్టగొడుగులు కూరిన చిన్న కుడుముల్ని బీట్‌రూట్ చారులో వేసి వడ్డిస్తారు. జపాన్ బౌద్ధ మఠాల్లో చేప లేని చారునీటికి ఎండు షిటాకే, కొంబు ఆధారం. మాంసం వద్దనుకున్న రోజున ఇన్ని దేశాల వంటవాళ్లు ఒకే దినుసు దగ్గరికి చేరడానికి కారణం దానిలోని రసాయనమే.

ఇక పొడి. విరిగిన ముక్కలు, పల్చటి అంచులు, పొట్లం అడుగు మిగిలినవి దీనికి పనికొస్తాయి. మూకుడులో సన్నసెగన ఐదారు నిమిషాలు కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, చల్లార్చి మిక్సీ పట్టాలి. మూత వెంటనే తీయకూడదు. సన్నటి ధూళి లేచి ముక్కులో పడుతుంది, రెండు నిమిషాలు ఆగాలి. ఈ పొడి ఒక చెంచా కందిపప్పు ఉడికేటప్పుడు వేస్తే పప్పు రుచే మారుతుంది. వేయించిన ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు కలిపి దంచితే అన్నంలోకీ ఇడ్లీలోకీ కారప్పొడి అవుతుంది. పుట్టగొడుగు సాగుదల నచ్చక పక్కన పెట్టే పిల్లలకు, పళ్లు లేని పెద్దవాళ్లకు దీన్ని పెట్టే మార్గం ఇదే. చపాతీ పిండిలో, సూపుల్లో కూడా కలుపుకోవచ్చు.

ఏ వంటైనా ముక్క పూర్తిగా ఉడకాలి. సరిగా ఉడకని షిటాకే తింటే కొందరికి ఒంటి మీద కొరడా దెబ్బల్లాంటి ఎర్రటి చారలు తేలతాయి. జపాన్ వైద్యులు 1977లోనే దీన్ని నమోదు చేశారు. గుచ్చి జాతి పుట్టగొడుగులు పచ్చిగా అసలే తినకూడదు. 2023లో అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో ఉడికీ ఉడకని ఆ జాతి పుట్టగొడుగులు తిన్న 51 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు.

అడవివి వద్దు

తొలకరికి పుట్టల మీద, చేలగట్ల మీద లేచే పుట్టగొడుగుల్ని ఏరి వండుకోవడం పల్లెల్లో పాత అలవాటు. తరాలుగా ఏరుతున్నవాళ్ల కంటికి ఏది ఏదో తెలుసు. ఆ అనుభవం లేనివాళ్లు ఫోనులో ఫొటో చూసి పోల్చుకుని ఎండబెట్టడం ప్రాణం మీదికి తెస్తుంది. పచ్చిదాంట్లో గుర్తులుగా ఉండే రంగు, కాడ చుట్టూ ఉంగరం, అడుగున సంచి లాంటి తొడుగు, ఎండి ముడుచుకున్నాక కనపడవు. డెత్ క్యాప్ లాంటి అమానిటా జాతుల్లోని అమాటాక్సిన్ ఎండబెట్టినా, ఉడికించినా, వేయించినా పోదు. 2023 జులైలో ఆస్ట్రేలియాలోని లియాన్‌గాథాలో ఒక ఇంటి భోజనంలో డెత్ క్యాప్ విషం తిని ముగ్గురు చనిపోయారు. వాటిని ఎండబెట్టిన డీహైడ్రేటర్ 2025లో జరిగిన విచారణలో ముఖ్య సాక్ష్యమైంది. అస్సాంలో 2022 ఏప్రిల్‌లో అడవి పుట్టగొడుగులు తిని పదిమందికి పైగా చనిపోయారు.

అమాటాక్సిన్ విషం ఆరు గంటలు దాటాకగానీ బయటపడదు. వాంతులు, విరేచనాలు మొదలై, ఒక రోజు తగ్గినట్టే తగ్గి, ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది. తగ్గిందని ఇంట్లో ఉండిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఊరు, పేరు తెలియని ఎండు పుట్టగొడుగుల్ని విడిగా పోసి అమ్మే చోట కొనకండి. పుట్టగొడుగులు తిన్నాక కడుపులో తేడా చేస్తే కుదుటపడే దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మిగిలిన కూర, డబ్బాలో మిగిలిన ఎండు ముక్కలు కూడా పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి.